లారీల విద్యుద్వ్యవస్థ: మరమ్మతు, తనిఖీ

చెన్నై నుండి కోల్‌కత పోయే 16వ నంబరు జాతీయ రహదారి, పూనా నుండి హైదరాబాదు మీదుగా మచిలీపట్నం పోయే 65వ నంబరు జాతీయ రహదారి విజయవాడ వద్ద కలుస్తున్నవి. గుంటూరు మిరప, జగ్గయ్యపేట సిమెంటు, చీమకుర్తి గ్రానైటు, భీమవరం, ఆకివీడు ప్రాంతాల చేపలు, రొయ్యలు లారీలెక్కి దూరదేశాలకు పోతున్నవి. ఈ రవాణాకు ఆధారంగా విజయవాడలో ఆటోనగర్ వెలసినది. బాడీ కట్టేవారు, ఇంజను విప్పేవారు, కమాను కట్టలు సరిచేసేవారు, కరెంటు పని చేసేవారు వందలాదిగా అక్కడ జీవనం సాగిస్తున్నారు. వారిలో ముస్లిం కుటుంబాలవారు చాలామంది. మన విద్యార్థులలో కొందరి తండ్రులు, అన్నలు, మేనమామలు ఆ పనిలోనే ఉన్నారు.

మేము భాషాసాహిత్యాలు బోధించేవారం. అయినను ఈ సంచికకు లారీల విద్యుద్వ్యవస్థను అంశంగా ఎన్నుకొన్నాము. ఉస్తాదు చేతి నుండి శాగిర్దు చేతికి, మాట ద్వారా మాత్రమే అందుతున్న విద్య ఇది. అలా అందిన విద్యలో ‘ఇలా చేయి’ అన్నది నిలుస్తుంది గాని, ‘ఎందుకు చేయాలి’ అన్నది తరచుగా జారిపోతుంది. ఆ ‘ఎందుకు’ను తెలిసిన మేరకు తెలుగులో వివరించడమే మా ఉద్దేశం.

రెండు మాటలు

ముందుగా మాటలను పరిశీలిద్దాం. సంస్కృతంలో ‘విద్యుత్తు’ అంటే మెరుపు. అరబ్బీ నుండి ఉర్దూలోనికి వచ్చిన ‘బర్ఖ్’ అన్నా మెరుపే. అందుకే విద్యుత్ప్రవాహాన్ని ఉర్దూలో ‘బర్ఖీ రౌ’ అన్నారు. రెండు భాషలవారూ ఆకాశం వైపు చూసి ఒకే విధంగా పేరు పెట్టుకొన్నారు. కార్ఖానాలో మాత్రం ఈ రెండూ వినిపించవు. అక్కడ ఉన్నది ‘కరెంటు’.

‘మరమ్మతు’, ‘తనిఖీ’ అన్న మాటలు కూడ అరబ్బీ మూలం నుండి వచ్చి తెలుగులో స్థిరపడినవే. చెడిన తరువాత చేసేది మరమ్మతు. చెడక ముందు చూసుకొనేది తనిఖీ. ఒక లారీ ఉన్నవాడు మరమ్మతుతో ఎలాగో నెట్టుకొని రాగలడు. పది లారీలు, ఇరవై లారీలు నడిపేవాడు మరమ్మతునే నమ్ముకొంటే, ప్రతిరోజూ ఏదో ఒక బండి ఏదో ఒక ఊరి పొలిమేరలో ఆగియుంటుంది. మేము చెప్పదలచినదంతా ఈ రెండు మాటల మధ్యనున్న తేడాలోనే ఉన్నది.

కరెంటు పోయే దారి, తిరిగివచ్చే దారి

విద్యుత్తు ఒక చోట బయలుదేరి పని చేసి, బయలుదేరిన చోటికే తిరిగి రావలెను. ఆ వలయం ఎక్కడ తెగినా పని ఆగిపోతుంది. ఇంటి దీపానికి రెండు తీగెలుంటాయి. లారీలో చాలా దీపాలకు ఒక్క తీగెయే కనిపిస్తుంది. రెండవ తీగె పనిని చాసిస్ ఇనుము చేస్తున్నది. దానినే ‘ఎర్త్’ అంటున్నారు. ఎర్త్ అంటే భూమి అని అర్థమైనను, రబ్బరు టైర్ల మీద నిలిచిన లారీకి ఈ విషయంలో నేలతో సంబంధం లేదు. ఇక్కడ ఎర్త్ అంటే బ్యాటరీ నెగటివ్ కొసకు తిరిగిపోయే ఇనుప దారి అని గ్రహించవలెను.

జార్జ్ ఓమ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు 1827లో ప్రకటించిన సూత్రం ఈ పనికంతటికీ మూలం. వోల్టులు, ఆంపియర్లను ఓములతో గుణించగా వచ్చిన ఫలానికి సమానం. ఇది పరీక్షకు వల్లెవేసే సూత్రం మాత్రమే కాదు. సెల్ఫ్ కొట్టినప్పుడు తీగెలో 300 ఆంపియర్ల కరెంటు పోతున్నదనుకొందాం. బ్యాటరీ కొస వద్ద లగ్గు వదులై, తెల్లని పొక్కు పట్టి, అక్కడ ఓములో నూరవ వంతు మాత్రమే నిరోధం ఏర్పడినదనుకొందాం. 300ని నూరవ వంతుతో గుణిస్తే 3. అనగా 24 వోల్టులలో 3 వోల్టులు ఆ ఒక్క అతుకు వద్దనే పోయినవి. పోయిన శక్తి 300 ఆంపియర్లు, 3 వోల్టులు కలిసి 900 వాటులు. ఇంట్లో బట్టలు ఇస్త్రీ చేసే పెట్టె వేడి ఇంచుమించు అంతే. సెల్ఫ్ కొట్టిన తరువాత లగ్గు మీద చేయి పెడితే చురుక్కుమనడానికి ఇదే కారణం. బ్యాటరీ మంచిది, సెల్ఫ్ మంచిది, మధ్యనున్న అతుకు చెడ్డది. సంగతి తెలియనివాడు మొదట బ్యాటరీని మారుస్తాడు, తరువాత సెల్ఫ్‌ను విప్పుతాడు. డబ్బు రెండుసార్లు ఖర్చయిన తరువాత కూడ లారీని తోసే స్టార్టు చేయవలసి వస్తుంది.

భారీ లారీలలో 12 వోల్టుల బ్యాటరీలు రెండింటిని వరుసగా కలిపి 24 వోల్టులు ఎందుకు చేస్తారో దీనిని బట్టి తెలుస్తుంది. ఒకే పనికి వోల్టులు రెట్టింపైతే ఆంపియర్లు సగమవుతాయి. అదే తీగెలో వృథాగా పోయే వేడి నాలుగవ వంతుకు దిగుతుంది.

బ్యాటరీ

సీసపు పలకలు, గంధకామ్లం గల బ్యాటరీని ఫ్రాన్సు దేశస్థుడైన గాస్టన్ ప్లాంటే 1859లో నిర్మించాడు. లారీలో నేటికీ ఉన్నది దాని సంతతియే. ఒక్కొక్క గది సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. ఆరు గదులు కలిస్తే 12.6 వోల్టులు. బండి ఆపి కొన్ని గంటలు గడచిన తరువాత మీటరు పెట్టి చూస్తే, నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 లేక అంతకు కొంచెం పైన చూపుతుంది. 12.2 చూపితే సగమే ఉన్నదని అర్థం. ‘పన్నెండు ఉన్నది గదా, చాలును’ అనుకోవడం పొరపాటు. పన్నెండు చూపే బ్యాటరీ సగానికి పైగా ఖాళీ అయినట్టే. మూతలు గల బ్యాటరీలో హైడ్రోమీటరుతో గదిగదికీ చూడవచ్చును. ఐదు గదులు ఒక లెక్క, ఆరవ గది వేరు లెక్క చూపితే ఆ గది చెడినదని తెలుసుకోవలెను.

సగం నిండిన బ్యాటరీని చాలా రోజులు అలాగే వదలివేస్తే పలకల మీద సీసపు గంధకిత లవణం గట్టిపడి మళ్ళీ కరగదు. బేరాలు లేక లారీ నెలరోజులు నిలిచినప్పుడు బ్యాటరీ చనిపోవడానికి కారణం ఇదే. బండి నిలిచినా ఏదో ఒక మూల నుండి కరెంటు కారుతుండవచ్చును. అర ఆంపియరు కారినా రోజుకు 12 ఆంపియర్ గంటలు పోతాయి. 120 ఆంపియర్ గంటల బ్యాటరీ పది రోజులలో ఖాళీ అవుతుంది. అందుచేత నిలిపిన లారీకి ఐసోలేటర్ స్విచ్చి తీసివేయవలెను, లేదా నెగటివ్ కొసను విప్పివేయవలెను.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గమనించవలెను. క్యాబిన్‌లో పాటల పెట్టెకు, ఫోను చార్జింగుకు 12 వోల్టులు కావలసి, రెండు బ్యాటరీలలో ఒకదాని నుండి మాత్రమే తీగె లాగడం మనవారికి వాడుక. ఆ బ్యాటరీ ఎప్పుడూ కొరతలో ఉంటుంది. రెండింటికీ కలిపి చార్జింగ్ అందుతున్నందున రెండవది ఎక్కువై ఉడికిపోతుంది. ఒకటి ఆకలితో, రెండవది అజీర్తితో చెడిపోతాయి. 24ను 12గా మార్చే కన్వర్టరు పెట్టడమే దీనికి సరియైన మార్గం. బ్యాటరీ మార్చవలసి వస్తే జతగానే మార్చవలెను. క్రొత్తదానికి పాతదానిని జతచేస్తే క్రొత్తది కూడ త్వరలో పాతదవుతుంది.

ప్రాణరక్షణకు సంబంధించిన నియమాలు మూడున్నవి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. పాజిటివ్‌ను ముందు విప్పబోయి పానా చాసిస్‌కు తగిలితే వందల ఆంపియర్లు పానా గుండా పోయి చేయి కాలుతుంది. నెగటివ్ ముందే విప్పి ఉంటే ఆ వలయమే ఉండదు. రెండవది, చార్జింగులో ఉన్న బ్యాటరీ నుండి ఉదజని వాయువు వెలువడుతుంది గనుక దాని వద్ద బీడీ ముట్టించరాదు, నిప్పురవ్వ పుట్టించరాదు. మూడవది, సీసం విషం. కొసలు గీకిన చేతులతో అన్నం తినడం వలన ఆ విషం కొంచెం కొంచెంగా ఒంట్లో చేరుతుంది. పని నేర్చుకొనే పిల్లవానికి పానా పేరు చెప్పక ముందే సబ్బు ఎక్కడున్నదో చెప్పవలెను.

డైనమో, సెల్ఫ్

అయస్కాంతం కదలిక వలన తీగెలో విద్యుత్తు పుడుతుందని మైకేల్ ఫారడే 1831లో నిరూపించాడు. లారీలో బెల్టుతో తిరిగే ఆల్టర్నేటరు చేస్తున్నది ఇదే. పూర్వపు డైనమో పోయి ఎన్నో ఏండ్లయినా, షెడ్డులో దానిని నేటికీ ‘డైనమో’ అనే అంటారు. ఇంజను నడుస్తుండగా 24 వోల్టుల వ్యవస్థలో మీటరు సుమారు 27.5 నుండి 28.5 వరకు చూపవలెను. అంతకు తక్కువైతే బెల్టు వదులో, బ్రష్షుల అరుగుదలో, డయోడు పోవడమో, తీగె అతుకో కారణం కావచ్చును. ఎక్కువైతే రెగ్యులేటరు చెడినదని అనుమానించవలెను. అప్పుడు బ్యాటరీ నీరు త్వరగా ఇంకిపోయి బల్బులు మాటిమాటికీ మాడిపోతాయి. బల్బులు మాడుతున్నవని బల్బులు మార్చుకొంటూ పోయేవాడు జబ్బును విడిచి జ్వరానికి మందు వేసేవానివంటివాడు.

‘సెల్ఫ్’ అన్న మాట సెల్ఫ్ స్టార్టరుకు సంక్షేపం. చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912లో కాడిలాక్ కార్లలో ప్రవేశించినది. అంతకు ముందు చాలా బండ్లకు హాండిలు వేసి చేతితో త్రిప్పేవారు. సెల్ఫ్‌ను ఒక్కసారి పది సెకండ్లకు మించి కొట్టరాదు. మధ్యలో అర నిమిషమైనా విశ్రాంతి ఇవ్వవలెను. కొడుతున్నప్పుడు బ్యాటరీల మీద 19 వోల్టులకు పైననే నిలవవలెను. బ్యాటరీ వద్ద 22 ఉండి సెల్ఫ్ వద్ద 19 మాత్రమే ఉంటే, ఆ మూడు వోల్టులను దారిలో ఎవరు దిగమింగుతున్నారో వెదకవలెను. పాజిటివ్ దారిని చూచి ఎర్త్ దారిని మరచిపోరాదు. ఇంజనుకు, చాసిస్‌కు మధ్యనున్న జడ తీగె త్రుప్పు పడితే నేరం బ్యాటరీ మీద పడుతుంది.

దీపాలు

విద్యుద్వ్యవస్థలో అన్నిటికంటె చౌకైన వస్తువు వెనుక దీపం. అన్నిటికంటె విలువైనదీ అదే. సెల్ఫ్ పనిచేయకపోతే లారీ కదలదు, నష్టం యజమానికి. వెనుక దీపం పనిచేయకపోతే లారీ కదులుతూనే ఉంటుంది, లేదా చీకటిలో రహదారి ప్రక్కన నిలిచియుంటుంది. నష్టం వెనుక వచ్చే మోటారు సైకిలు మనిషికి. అతడు ఆ లారీ ఎవరిదో ఎరుగడు, దాని అతుకులను ఎవరు బిగించారో ఎరుగడు. అయినను ఆ రాత్రి అతని ప్రాణం ఆ అతుకు మీదనే ఆధారపడియున్నది.

వోల్టులు కొంచెం తగ్గితే పాత తరహా బల్బు వెలుగు చాలా తగ్గుతుంది. నూటికి పది వోల్టులు తగ్గితే వెలుగు సుమారు నూటికి ముప్పై తగ్గుతుంది. దీపం వెలుగుతున్నదా అని మాత్రమే గాక, ఎంత వెలుగుతున్నది అని కూడ చూడడం అందుకే అవసరం.

విద్యార్థులు ఆలోచించదగిన సమస్య ఒకటి చెబుతాము. డ్రైవరు బ్రేకు తొక్కితే, వెనుక బ్రేకు దీపం మసకగా వెలిగి, దాని ప్రక్కనున్న ఇండికేటరు కూడ మినుకుమంటుంది. బ్రేకు స్విచ్చికి, ఇండికేటరుకు సంబంధం లేదు గదా, ఇది ఎలా జరుగుతున్నది? ఆ దీపాల గూటికంతటికీ ఒకే ఎర్త్ ఉండి, అది త్రుప్పుతో తెగినది. బ్రేకు దీపం గుండా వచ్చిన కరెంటుకు తిరిగిపోయే దారి లేదు. అది ఇండికేటరు బల్బు గుండా వెనుకకు నడచి, దాని తీగె పట్టుకొని, ముందున్న మరొక దీపం ఎర్త్‌ను చేరుకొంటున్నది. కరెంటు వలయం పూర్తిచేసుకొనడానికి పరుల ఇంటి గుండానైనా నడుస్తుంది. ఈ లక్షణం కనిపించినప్పుడు స్విచ్చిలు, బల్బులు విప్పక, ముందుగా ఆ గూటి ఎర్త్ బోల్టును విప్పి, రంగు, త్రుప్పు గీకి, బిగించి, పైన గ్రీజు పూయవలెను. చేపల పెట్టెల నుండి కారే నీరు, ఉప్పు లోడు, సముద్రపు గాలి తగిలే లారీలకు ఈ బాధ మరింత ఎక్కువ.

తీగెలు, ఫ్యూజులు

ఫ్యూజు కాపాడేది దీపాన్ని కాదు, తీగెను. తీగె ఓర్చుకోగల కరెంటు కంటె ఎక్కువ పోతే ముందుగా తాను కరిగి దారి తెంచుతుంది. పోయిన ఫ్యూజు స్థానంలో రాగి పోగులు చుట్టడం, సిగరెట్ పెట్టె రేకు పెట్టడం కొందరు నేర్పుగా భావిస్తారు. అప్పటి నుండి లారీలో ఫ్యూజుగా పనిచేసేది తీగెయే. అది కరిగేది పత్తి బస్తాల ప్రక్కనో, క్యాబిన్‌లో నిద్రించే క్లీనరు తల వెనుకనో కావచ్చును. ఫ్యూజు రెండుసార్లు పోతే మూడవది వేయక, తీగె ఎక్కడ ఒరుసుకొంటున్నదో వెదకవలెను. చాసిస్ రంధ్రాల గుండా పోయే చోట, క్యాబిన్ లేచి వ్రాలే మలుపు వద్ద, సైలెన్సరు సమీపంలో మొదట చూడవలెను.

క్రొత్త బండ్లు

2020 ఏప్రిల్ 1 నుండి మన దేశంలో భారత్ స్టేజ్ ఆరు ప్రమాణాలు అమలులోనికి వచ్చినవి. అప్పటి నుండి వచ్చిన లారీలలో ఇంజనుకు ఎంత ఇంధనం ఎప్పుడు ఇవ్వాలో కంట్రోల్ యూనిట్ అనే పెట్టె నిర్ణయిస్తుంది. వేడి, పీడనం, పొగలోని వాయువులు తెలిపే సెన్సర్లు దానికి కళ్ళు, చెవులు. ఈ పెట్టెలు మెలివేసిన రెండు సన్నని తీగెల ద్వారా ఒకదానితో ఒకటి సంభాషిస్తాయి. ఆ తీగెల రెండు కొసలలో 120 ఓముల నిరోధాలుంటాయి. బ్యాటరీ తీసి రెండు తీగెల మధ్య కొలిస్తే సుమారు 60 ఓములు రావలెను. 120 వస్తే ఒక కొస తెగినదని తెలుస్తుంది.

తీగెను చాసిస్‌కు తాకించి నిప్పురవ్వ చూచే పాత పరీక్ష ఇక్కడ పనికిరాదు. ఒక్క రవ్వతో విలువైన పెట్టె పాడవుతుంది. టెస్ట్ లాంపు పెట్టడం, సూదితో తీగె తొడుగును పొడవడం కూడ కూడదు. చాసిస్ మీద వెల్డింగు చేసేముందు బ్యాటరీ కొసలు విప్పి, కంపెనీ సూచించిన కనెక్టర్లు తీసివేయవలెను. తాళం తీసిన వెంటనే ఐసోలేటరు త్రిప్పరాదు. పొగను శుద్ధిచేసే యూరియా ద్రవం గొట్టాలను పంపు ఖాళీ చేసేవరకు, కంపెనీ చెప్పిన సమయం ఆగవలెను.

ఇక్కడనే మా ఆందోళన. చెవితో విని, ముక్కుతో వాసన పట్టి జబ్బు చెప్పగల ఉస్తాదులు మనలో ఉన్నారు. క్రొత్త లారీ మాత్రం సర్క్యూట్ పటం చదవగలవానికే తన రహస్యం చెబుతుంది. చదువు రాని కారణంగా ఆ ఉస్తాదులు, వారి శాగిర్దులు ఈ పని నుండి తొలగిపోతే, నష్టపడేది ఒక కుటుంబం మాత్రమే కాదు, ఒక విద్య.

తనిఖీ పుస్తకం

పది లారీల యజమాని చేయవలసినది కష్టమైన పని కాదు. ప్రతి లారీకి ఒక నోటు పుస్తకం పెట్టవలెను.

1. ప్రతిరోజూ బయలుదేరే ముందు డ్రైవరు, క్లీనరు కలిసి ముందు, వెనుక దీపాలు, బ్రేకు దీపాలు, ఇండికేటర్లు, హారను చూచుకోవలెను. ఇండికేటరు మామూలుకంటె వేగంగా కొట్టుకొంటే ఒక బల్బు పోయినదని చాలా బండ్లలో గుర్తు.

2. వారానికొకసారి బ్యాటరీ కొసల బిగువు, నీటి మట్టం, బెల్టు బిగువు చూడవలెను. డిస్టిల్డ్ వాటరే పోయవలెను, ఆమ్లం పోయరాదు.

3. నెలకొకసారి మీటరుతో మూడు అంకెలు వ్రాయవలెను. బండి నిలిచియుండగా వోల్టులు, సెల్ఫ్ కొడుతుండగా వోల్టులు, ఇంజను నడుస్తుండగా వోల్టులు.

4. వానకాలానికి ముందు ఎర్త్ బోల్టులన్నీ విప్పి, గీకి, బిగించవలెను.

ఒక లారీలో సెల్ఫ్ కొట్టినప్పటి అంకె జనవరిలో 22, ఫిబ్రవరిలో 21, మార్చిలో 20 అని వ్రాసియున్నదనుకొందాం. ఆ లారీ ఇంకా ఒక్కసారి కూడ ఆగలేదు. డ్రైవరుకు ఏ లోపమూ కనిపించలేదు. అయినను ఏప్రిల్‌లో అది ఎక్కడో ఆగబోతున్నదని పుస్తకం ముందే చెబుతున్నది. జ్ఞాపకం ఈ పని చేయలేదు. జ్ఞాపకానికి ఆగిన రోజు గుర్తుంటుంది గాని, తగ్గుతూ వచ్చిన అంకె గుర్తుండదు. మార్చక ముందు కొలవడం, కొలిచిన తరువాత వ్రాయడం, ఈ రెండే తనిఖీకి ప్రాణం.

మా విన్నపం

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒకటి. ఉస్మానియా విశ్వవిద్యాలయానికై 1917లో దారుల్ తర్జుమా ఏర్పడి శాస్త్రాలను ఉర్దూలోనికి తెచ్చినది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి పాఠ్యగ్రంథాలను తెలుగులో వెలువరించినది. రెండు భాషలూ కలిసియున్న మన కళాశాలలో భౌతికశాస్త్ర శాఖవారు, భాషాశాఖలవారు కలిసి, వారానికొక సాయంత్రం ఆటోనగర్ పిల్లలకు మీటరు పట్టడం, సర్క్యూట్ పటం చదవడం నేర్పగలిగితే బాగుంటుంది. ఖర్చు నాలుగు మీటర్లు, ఒక జత బ్యాటరీలు, ఒక పాత దీపాల గూడు.

విద్యార్థులకు మా కోరిక మరొకటి. మీ ఇంట ఈ పని తెలిసిన పెద్దలుంటే వారి ప్రక్కన కూర్చుని, వారు చెప్పిన గుర్తులను, వాడే మాటలను ఉర్దూలోనో తెలుగులోనో ఒక పుస్తకంలో వ్రాయండి. వారు ‘ఇలా చేయి’ అన్న ప్రతిచోట ‘ఎందుకు’ అని అడిగి, ఆ జవాబును కూడ ప్రక్కనే వ్రాయండి. జవాబు దొరకని ప్రశ్నను మన ప్రయోగశాలకు తీసుకొనిరండి.